రెండో పక్క పెరటి ముచ్చట్లు

దుబాయి నుంచి వచ్చే క్యాసెట్టుకు రెండు పక్కలుంటాయి. మొదటి పక్క వాడకట్టుది, అంటే ఇరుగుపొరుగందరిదీ; రెండో పక్క పెళ్లానిది. ఇది ఎవరూ కూర్చుని రాసిన కట్టుబాటు కాదు గానీ, ఆ రోజుల్లో కోరుట్ల చుట్టుపట్ల దీన్ని తప్పిన మగమనిషిని చూపించమంటే మాత్రం ఎవరివల్లా కాదు. మొదటి పక్కన పేరుపేరునా పలకరింపులుంటాయి. పోచమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా, ఎవరి బర్రె ఈనింది, వానలు పడ్డాయా లేదా. అది అందరూ చాపలు పరుచుకుని వినాలి. క్యాసెట్టు తిప్పే వేళకు ముసలమ్మలు ఎవరూ చెప్పకముందే లేచి, కొంగులు దులుపుకుని వెళ్లిపోతారు. వెళ్లినట్టే వెళ్లి గోడవతల నిలబడతారనుకోండి, అది వేరే సంగతి.

శంకరవ్వ మొగుడు రాజం కూడా ఆ కట్టుబాటు తప్పలేదు. కాకపోతే పెళ్లానికి చెప్పుకోవలసిన రెండో పక్కనంతా ఆ మహానుభావుడు చిక్కుళ్లతోనూ వంకాయలతోనూ నింపి పంపేవాడు.

"చిక్కుడుకు పేను పట్టిందంటివి గద. పొయ్యిల బూడిద జల్లెడ పట్టు. పొద్దుగాల మంచు ఆరకముందే చల్లాలె. ఆకు తడి మీదుంటెనే బూడిద నిలుస్తది. ఎండెక్కినంక చల్లితె గాలికి పోతది, నీ కండ్లల్ల పడ్తది."

ఇదీ ఆయనగారి సరసం. గోడవతల నుంచి పోచమ్మ కిసుక్కున నవ్వడం శంకరవ్వకు స్పష్టంగా వినబడింది. టేపు రికార్డరు తనది కాదు కాబట్టి ఠక్కున ఆపేసి ఇంటికి పోవడానికి కూడా లేదు. అది పక్కింటి సమ్మవ్వది. సమ్మవ్వ పుట్టిల్లు సిరిసిల్ల. మొగుడూ అక్కడే మరమగ్గాలు నడిపేవాడు. వాళ్లు వాటిని సాంచాలంటారు. ఆ సాంచాలు నెలకు పది రోజులు కూడా తిరగని కాలం వచ్చేసరికి అతను భీవండి దారి పట్టాడు. ఆమె అత్తగారి ఊరైన కోరుట్లకొచ్చి బీడీలు చుట్టుకుంటోంది. శంకరవ్వదీ అదే పని. ఇద్దరూ ఒకే అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు.

"మా ఆయన భీవండి కెల్లి మూడు నెలలకోసారి ఉత్తరం రాస్తడు. అండ్ల పెరుగన్నం తింటున్న అని తప్ప ఇంకోటుండది" అనేది సమ్మవ్వ. "మీ ఆయన నయం, శంకరీ. కూరగాయలన్న పెడుతుండు."

శంకరవ్వకు నవ్వొచ్చేది, ఒళ్లూ మండేది. ఆ రెండింటికంటే ఎక్కువగా ఆరా పుట్టేది. ఆమె పుట్టుకే అంత. చిన్నప్పుడు గింజ పెడితే మొలిచేదాకా ఆగేది కాదు, రోజూ తవ్వి చూసేది. వాళ్లమ్మ చేతిలో ఎన్ని తిట్లు తిన్నదో లెక్కలేదు. అలాంటి మనిషికి మొగుడు పొద్దున్నే మంచు ఆరకముందు బూడిద చల్లమంటే, చల్లి ఊరుకోవడం ఎలా కుదురుతుంది? ఈయనకు ఇదెలా తెలుసు అనే పురుగు తొలిచేస్తుంది.

ఎందుకంటే రాజానికి మట్టి తెలియదు. గీత కార్మికుల ఇంట పుట్టినవాడు. పదహారేళ్లకే మోకు నడుముకు తగిలించుకుని తాళ్లెక్కాడు, అదే తాటిచెట్లు. కింద నిలబడి చూసి, ఈ తాడు ఎన్ని రోజుల్లో కల్లు పారుతుందో చెప్పగలడు. అదే మనిషికి వంగనారుకూ మిరపనారుకూ తేడా తెలియదు. ఒకసారి పెరట్లో గడ్డి పీకమంటే కొత్తిమీర మడి మొత్తం శుభ్రంగా పీకి, కడిగి మరీ కుప్ప పెట్టాడు.

అలాంటివాడు దుబాయి ఎందుకు పోయాడో చెప్పాలి. నాలుగేళ్ల కింద రాయికల్ దగ్గర ఓ తాడి మీద నుంచి పడ్డాడు. ఎడమ తొంటి విరిగింది. బతకడమే ఎక్కువన్నారు. ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలూ శంకరవ్వ నిద్రలో ఉలిక్కిపడి లేచి అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకునేది. లేచి కుంటుతూ నడవడం మొదలుపెట్టిన రోజున మోకూ కత్తులూ తీసుకుపోయి పాలివాళ్లకిచ్చేసింది. కూతురు రాధికను పిలిచి, దాని నెత్తి మీద మొగుడి చెయ్యి పెట్టించింది. ఇక జన్మలో చెట్టెక్కనని ఒట్టు వేయించింది. ఎక్కకపోతే తిండెట్లా? ఆ ఏడాది బావులు అడుగంటాయి, కూలికి పిలిచే దిక్కు లేదు. ఊళ్లో సగం మంది మగవాళ్లు బొంబాయికో దుబాయికో పోతుంటే, దుబాయి అయితే తాళ్లుండవు గదా అని ఆమే పంపింది. ఆ ఒక్క ధైర్యంతో పంపింది.

మొదటి క్యాసెట్టులో రాజం చెప్పింది కూడా అందుకు తగ్గట్టే ఉంది. "ఆఫీసుల చాయ్ పోసుడు. ఏసీల ఉంట. కూసునుడే పని. కాలుకు ఏం తక్లీబు లేదు." అది విని శంకరవ్వ ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, ఊరి పోచమ్మ తల్లి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. జగిత్యాల హాస్టల్లో చదువుతున్న కూతురికి కూడా ఆ మాటే కబురు పెట్టింది.

ఆ తర్వాత క్యాసెట్టు భాద్రపదంలో వచ్చింది. వానకాలంలో మిరప చచ్చిపోతోందని ఆమె తన క్యాసెట్టులో చెప్పుకుంది కదా, దానికి జవాబు. "మిరుప మొదట్ల నీళ్లు నిలువనియ్యకు. మట్టి ఎగదోసి బోదె చెయ్యి, నీళ్లు కాలువల ఉండాలె, మొక్క గట్టు మీదుండాలె." మంచి మాటే. చేసింది, చచ్చినవి పోగా మిగిలినవి బతికాయి. ఆ వెంటనే ఇంకో మాటన్నాడు. "గాలి లేసిన దినం తీగె జోలికి పోకు. పనుంటె తెల్లారి చేసుకో."

ఇదేం మాట? బీడీలు చుడుతూ శంకరవ్వ చాలాసేపు ఆలోచించింది. గాలి వీస్తే తీగె దగ్గరికి ఎందుకు పోకూడదు? పందిరి నడుమెత్తు కూడా ఉండదు.

"గాలికి తీగె తెగుతదని కావచ్చు" అంది సమ్మవ్వ.

"తెగితె గాలికి తెగుతది. నేను పోతె ఏమైతది?"

"నీ మొగన్ని నువ్వే అడుగు. నన్ను గాదు."

కార్తీకంలో ధనియాలు చల్లే ముందు చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లమన్నాడు. అది ఆమెకు ముందే తెలుసు, వాళ్లమ్మ చేసేది. అయినా రాజానికి తెలియడం వింత. అలాగే పేనుబంకకు తన దగ్గరే మందుందని ఆమె అతనికి చెప్పి పంపింది. బీడీ తంబాకు పొడి మిగిలింది నానబెట్టి, గుడ్డలో వడకట్టి చిక్కుడు మీద చల్లితే పురుగు మాయం. మిరపకూ టమాటకూ మాత్రం చల్లకూడదు, వాటికి తెగులు తగులుకుంటుంది. ఈ సంగతి విని రాజం తర్వాతి క్యాసెట్టులో ఎంత సంబరపడ్డాడంటే, దాని గురించే పావు పక్క మాట్లాడాడు. ఎంత పొడి, ఎన్ని నీళ్లు, ఎంతసేపు నానాలి. చాయ్ పోసేవాడికి పురుగుమందు కొలతలతో ఏం పని?

అసలు ముడి పడింది ఫాల్గుణంలో. ఆ ఏడు శంకరవ్వ సంక్రాంతి పోగానే బీర గింజలు పెట్టింది. బీడీ ఆకు కత్తిరింపులు మొదళ్లలో పరిచింది. తడి ఆరకుండా అంతకంటే మంచిది లేదని ఆమె నమ్మకం, నిజమే కూడా. ఒక కుండకు అడుగున చిన్న బెజ్జం పెట్టి గుడ్డపీలిక దూర్చి మొదట్లో పాతింది. నీళ్లు పోస్తే రోజంతా బొట్టుబొట్టుగా దిగుతాయి. తీగె పందిరంతా పాకింది. పూలు విరగబూశాయి. పిందె మాత్రం వేలెడంత కాకముందే పసుపెక్కి రాలిపోతోంది. చుట్టుపక్కల మామిడి తోటలకు పూత నిలవాలని మందులు కొట్టారు, తేనెటీగలు కనబడటం మానేశాయి. ఇదంతా ఆమె క్యాసెట్టులో చెప్పి పంపింది. నెల తిరిగేసరికి జవాబొచ్చింది. దాన్ని తెచ్చింది ఎల్లంతకుంట రామస్వామి, రాజంతో ఒకే గదిలో ఉండే మనిషి. సెలవు మీద వస్తూ కోరుట్ల బస్టాండులో దిగి, ఇంటికొచ్చి, క్యాసెట్టూ ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టి, చాయ్ కూడా తాగకుండా తరవాతి బస్సుకు పోయాడు. ముఖంలోకి చూడలేదు. శంకరవ్వకు ఆ సంగతి తట్టింది గానీ, ఇంటికి పోయే తొందరేమో అనుకుంది.

"పొద్దుగూకే యాళ్లకు బీరపూలు ఇచ్చుకుంటయి" అని మొదలైంది రెండో పక్క. "పువ్వు కింద బుడ్డ పిందె ఉంటె ఆడది, ఉత్తగ ఉంటె మగది. మగపువ్వు తెంపు. తలకిందులు చెయ్యి. ఆడదాని నడుమ పెట్టు. పెట్టినంక దారంతోటి కట్టు. బిర్రుగ కట్టకు, వదులుగ కట్టు, జారకుంట ఉంటె సాలు. నాలుగు దినాలైనంక ఇప్పు."

గోడవతల ఈసారి నవ్వు దాచుకోలేకపోయారు. మర్నాడు సాయంత్రం బీరపూల పెళ్లి చూడటానికి వాడకట్టులో సగం మంది పెరట్లోకొచ్చారు. సమ్మవ్వ సాంచాల దగ్గర నుంచి తెచ్చుకున్న నూలు పోగు ఇచ్చింది. ఎవరో ఆడపెళ్లివారెవరు మగపెళ్లివారెవరని అడిగారు. పోచమ్మ అక్షింతలు కూడా వేసింది. శంకరవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె వేరే లెక్కలో ఉంది. ఐదు పువ్వులకు మొగుడు చెప్పినట్టే తలకిందులు చేసి, పెట్టి, కట్టింది. ఇంకో ఐదింటికి మగపువ్వు రేకులు తీసేసి మధ్యనున్న పుప్పొడి తాకించి వదిలేసింది, దారం కట్టలేదు. ఏది ఏదో గుర్తుండటానికి ఒకవైపు కొమ్మలకు ఎర్ర పీలికలు చుట్టింది.

వారం రోజులకు అటు నాలుగు నిలిచాయి, ఇటూ నాలుగు నిలిచాయి. దారం కట్టినా కట్టకపోయినా ఒకటే.

బీరకాయలు నిలిచినందుకు ఎవరైనా సంతోషించాలి. శంకరవ్వకు సంతోషించే తీరిక లేదు. దారం ఎందుకు కట్టమన్నాడు? తాకిస్తే చాలు గదా. తలకిందులు చెయ్యడమెందుకు? ఒంటి పువ్వులో నడుమంటూ ఎక్కడుంది? నడుమ పెట్టాలంటే చుట్టూ బోలెడన్ని రెమ్మలుండాలి, గుత్తిలాంటిది ఉండాలి. గాలికి జారిపోకుండా నాలుగు రోజులు కట్టి ఉంచాలంటే అది గాలి తగిలే చోటుండాలి. అది బీర కాదు. ఈయన ఏదో వేరేది చేసి చేసి, చేతులకు అలవాటై, బీర గురించి చెబుతూ దాన్ని చెప్పేశాడు.

చాట పక్కన పెట్టి లేచింది. పెరటి గోడ మీదుగా దూరంగా తాళ్లు కనబడుతున్నాయి. గీత కార్మికుడి పెళ్లానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, తాళ్లలో మగది వేరే చెట్టు, ఆడది వేరే చెట్టు. పోతుతాడు పూస్తుంది, కాయదు. మగ, ఆడ వేర్వేరు చెట్లయిన జాతి ఇంకేముంది? ఇంట్లోకి పోయి గూట్లోని ఖర్జూరాల పొట్లం విప్పింది. నోట్లో వేసుకుని గింజలు ఉమ్మేసిన పండ్లే, ఇన్నాళ్లుగా తింటున్నవే. అడుగున ఒక చిన్న రెమ్మకు నాలుగు పండ్లు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ రెమ్మలాంటివి వంద కలిస్తే ఒక గెల.

గాలి లేచిన రోజు జోలికి పోకూడదు. ఎండెక్కకముందే పని కానివ్వాలి. మగపువ్వు తెచ్చి ఆడ గెల నడుమ పెట్టి కట్టాలి.

శంకరవ్వ పొట్లం పట్టుకునే బయటికి రాబోయింది. గుమ్మంలోనే కూర్చుండిపోయింది. సమ్మవ్వ వచ్చి ఏమైందని అడిగింది.

"మావోడు చెట్లెక్కుతుండు, అక్కా" అంది శంకరవ్వ.

సమ్మవ్వ మొదట నమ్మలేదు. పూలు, దారం, గాలి అని శంకరవ్వ ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె ముఖం కూడా మారింది. "అంత దూరం మనసు పోనియ్యకు. రామస్వామి సెలవు మీదనే ఉన్నడు గద. పోయి అడుగుదాం. నేను గూడ వస్త, మా తల్లిగారింటికి పోయి శానా దినాలైంది."

రెండు బీరకాయలు సంచిలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కారు. సిరిసిల్లలో దిగేసరికి సమ్మవ్వ వీధిలో ఒకప్పుడు మాట వినబడనంతగా మోగే సాంచాల చప్పుడు లేదు. ఎక్కడో ఒకటీ అరా తిరుగుతున్నాయి. సమ్మవ్వ కళ్లొత్తుకుని పుట్టింటికి పోయింది. శంకరవ్వ ఒక్కతే ఎల్లంతకుంట బస్సు పట్టుకుంది. దారి పొడవునా ఆమె ఆలోచించింది ఒక్కటే. నేరుగా అడిగితే రామస్వామి చెప్పడు. రాజం ఒట్టు వేయించుకునే ఉంటాడు, మగవాళ్ల ఒట్లు మగవాళ్ల దగ్గర బాగానే నిలుస్తాయి. కాబట్టి మొగుడి మాటే ఎత్తకూడదు.

రామస్వామి ఆమెను చూడగానే తడబడ్డాడు. అతని పెళ్లాం లీల మంచం వాల్చి, మంచినీళ్లిచ్చింది. శంకరవ్వ బీరకాయలు ఆమె చేతిలో పెట్టింది.

"ఏం పని మీద అచ్చినవు వదినె? అన్న మంచిగనే ఉన్నడు. ఆఫీసుల..."

"నాకు ఎరికే. మీ అన్న ముచ్చట కోసం రాలె తమ్మీ. నాకు పెరటి పిచ్చి. పోయినేడు అచ్చిన ఖర్జూరాల గింజలు పెట్టిన, మొలిచినయి. అవి ఎన్నేండ్లకు కాస్తయో అడుగుదామని అచ్చిన."

రామస్వామి ముఖం విప్పారింది. గండం గడిచిందనుకున్నాడు పాపం.

"గింజ పెడితె ఏం లాభం వదినె. మొలిచింది మగదో ఆడదో పూసేదాక తెల్వది. చెట్టు మొదట్ల పిలకలస్తయి, అవి పెట్టుకోవాలె."

"మన ఈత చెట్టు తీరుగనే ముండ్లుంటయా?"

"ఇంతింతుంటయి. ముందుగాల ముండ్లు కొట్టుకోవాలె. గవి కొట్టకుంట మీద ఏ పని చేసెటట్టు లేదు."

"పూత వచ్చినంక?"

"పూతచ్చినంక మగచెట్టు పూరెమ్మలు తెంపుకస్తరు. ఆడ గెల ఇచ్చుకోంగనే తలకిందులు చేసి నడుమ పెట్టి, వదులుగ..." రామస్వామి చేతులు గాలిలోనే ముడి వేస్తూ ఆగిపోయాయి.

లీల మొగుడి వంక చూసింది. శంకరవ్వ వంక చూసింది. "చెప్పు ఇగ" అంది మొగుడితో. "ఆమె అన్ని తెలుసుకోనే అచ్చింది. నువ్వే తెల్వనట్టు కూసున్నవు."

రామస్వామి తల దించుకుని చెప్పాడు. చాయ్ పనీ లేదు, ఆఫీసూ లేదు. పోగానే రోడ్లు ఊడ్చే పనిలో పెట్టారు. పొద్దంతా ఎండలో నిలబడితే రాజం కాలు వాచి కుండంతయ్యేది. పని మార్చమంటే వినేవాడు లేడు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుంది. ఆ తర్వాత ఖర్జూరం తోటలోకి వేశారు. మొక్కలకు నీళ్లు పెట్టడం, మట్టి ఎగదోయడం అక్కడే నేర్చుకున్నాడు. ఒకరోజు ఎక్కేవాడు జ్వరంతో పడుకుంటే గెలలు ఎండకు మాడిపోతున్నాయి. రాజం కింద నిలబడి చాలాసేపు చూసి, చెప్పులు విడిచి ఎక్కేశాడు.

"గా దినం నుంచి ఎండల నిలబెడుతలేరు. ఎక్కుడు అయిపోతె నీడకు కూసోనిస్తరు" అన్నాడు రామస్వామి. "ఇంకోటి చెప్పాల్నా వదినె. అన్న నేల మీద కుంటుతడు. చెట్టు మీద కుంటుడే లేదు."

శంకరవ్వకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియలేదు. "తాడున్నదా నడుముకు?"

"ఉన్నది. ఖర్జూర పీచుతోటి తనే పేనుకున్నడు, మన మోకు తీరుగనే."

"పడ్డడా ఎన్నడన్న?"

"ఒక్కపారి జారిండు. పడలె. తాడు పట్టింది."

లీల ఆ పూట ఉండమంది. ఆమె ఉండలేదు. ప్రతి శుక్రవారం పొద్దున రాజం వాళ్ల క్యాంపు పక్క దుకాణంలో ఉంటాడని, అక్కడికి ఫోను చెయ్యవచ్చని రామస్వామి నంబరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం జాకెట్లో దోపుకుని, తిరుగు బస్సులో కోరుట్ల దాకా శంకరవ్వ తిట్లు కూర్చుకుంది. బిడ్డ నెత్తి మీద ఒట్టేసి తప్పినవాడా అని మొదలుపెట్టాలి. నేను గుడికి పోయి కొబ్బరికాయ కొడితిని గదరా అని అడగాలి. ఎనిమిది నెలలు నీ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పడుకున్నది ఇందుకేనా అని అడగాలి. వెంటనే వచ్చెయ్యి, ఇంత బీరకాయ పులుసు పోసుకుని ఇక్కడే చద్దాం అనాలి. బస్సు దిగేసరికి తిట్ల మూట సిద్ధమైంది.

శుక్రవారం దాకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆమె సరిగా కన్ను మూయలేదు. పగలు బీడీలు చుడుతూ తల ఎత్తినప్పుడల్లా, ఇప్పుడు ఎక్కి ఉంటాడా అనిపించేది. అన్నం తింటూ, ఇప్పుడా? నీళ్లు తోడుతూ, ఇప్పుడా? ఏ వేళ ఎక్కుతాడో తెలియదు కాబట్టి ప్రతి వేళా ఎక్కే ఉన్నాడు. బీరతీగెకు కుండ నింపడం మరిచిపోయింది. సమ్మవ్వే పోసింది.

శుక్రవారం పొద్దున బస్టాండు పక్క ఎస్టీడీ డబ్బాలోకి పోయి తలుపేసుకుంది. నంబరు మూడోసారికి కలిసింది. అవతల ఎవరో అరవ యాసలో ఏదో అన్నారు. రాజం, రాజం అని రెండుసార్లు అరిచింది. కాసేపటికి కుంటి అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"హలో. ఎవరు?"

"నేనే."

"శంకరీ? ఏమైంది? బిడ్డ మంచిగున్నదా?"

"మంచిగనే ఉంది."

మూటలోంచి ఒక్క తిట్టు కూడా బయటికి రాలేదు. ఆమె అనుకోనిది ఒకటి నోట్లోంచి వచ్చింది.

"ఎంత ఎత్తుంటయి?"

ఏంది ఎత్తు అని రాజం అడగవచ్చు. అడగలేదు.

"మన తాళ్లంత ఉండయి" అన్నాడు. "సగం గూడ ఉండయి. నిజంగ."

"బిడ్డ మీద ఒట్టేసినవు."

"ఏసిన. ఎక్కిన దినమల్ల దాని పేరే తలుసుకుంట ఎక్కుతున్న. ఏం చెయ్యాలె చెప్పు. ఎండల నిలబడితె కాలు మాట ఇంటలేదు. మీద ఉంటెనే పానం నిమ్మలంగుంటది."

"వచ్చెయ్యి."

"ఇంకో ఏడాది దాక రానియ్యరు. కాగిదం గట్లనే రాసుకున్నరు."

ఏడాది. అరిచినా, ఏడ్చినా, మన్ను నెత్తిన పోసుకున్నా ఆ ఏడాది తగ్గదని శంకరవ్వకు ఆ డబ్బాలో నిలబడే అర్థమైంది. రిసీవరు రెండో చెవికి మార్చుకుంది.

"ఏయే నెలలల్ల ఎక్కుతవు?"

"ఏంది?"

"నెలలు చెప్పు. ఏ నెలల ఎక్కుతవు, ఏ నెలల ఎక్కవు."

రాజం తడబడుతూ చెప్పాడు. మాఘ ఫాల్గుణాల్లో పూత కట్టడానికి. చైత్రంలో ఒకసారి గెలలు వంచి కట్టడానికి. శ్రావణ భాద్రపదాల్లో కోత. చలికాలంలో ఎండుమట్టలు కొట్టడానికి ఓ పది రోజులు. మిగతా అంతా కిందే, నీళ్లు పెట్టడం, మొక్కలు చూసుకోవడం. శంకరవ్వ వేళ్ల మీద ఒక్కో నెలా మడుస్తూ విన్నది.

"దినంల ఏ యాళ్ల?"

"పొద్దుగాలనే. ఎండెక్కితె ఎక్కం. మీకు ఏడున్నర నుంచి పదింటి దాక అయితది."

"ఇగ ఇను" అంది శంకరవ్వ. "చాయ్ ముచ్చట్లు, ఏసీ ముచ్చట్లు నాకు చెప్పకు. ఎక్కే దినాలు చెప్పు. గా దినం, గా యాళ్లకు నేను ఇక్కడ భయపడుకుంట కూసుంట. నువ్వు దిగినంక లేస్త. తక్కిన యాళ్ల నన్ను నిద్రపోనియ్యి."

అవతల రాజం ఏడుస్తున్నాడని తెలుస్తోంది. ఏడవనిచ్చింది.

"ఇయ్యాళ శుక్రవారం, సెలవు" అన్నాడు కొంచెంసేపటికి. "ఇయ్యాళ ఎక్క."

"సరే" అని ఫోను పెట్టేసింది. ఇంటికొచ్చి, సమ్మవ్వ ఏమన్నాడని అడుగుతున్నా సాయంత్రం చెబుతానంటూ తలుపు దగ్గరగా వేసుకుంది. పట్టపగలు మంచం మీద ఒరిగి, పొద్దుగూకేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.